రెండు మూడు టేబుళ్ళ మీద పోకర్ టోర్నమెంట్: కుర్చీల పంచాయితీ ఎలా తీర్చుకున్నాం (నా అనుభవం)

ఒక్క టేబుల్ మీద పోకర్ ఆడినన్నాళ్ళు ఎవరు ఎక్కడ కూర్చున్నారో మాలో ఎవరూ పట్టించుకోలేదు. నచ్చిన కుర్చీ లాక్కుని కూర్చోవడం, ముక్కలు పంచడం, అంతే. మనుషులు పదిమంది దాటి రెండో టేబుల్ వేసిన రోజు నుంచి గొడవలు మొదలయ్యాయి. చిప్స్ (పందెం బిళ్ళలు) లెక్క తప్పిందనో, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే వంతులవారీగా ఇద్దరు కట్టి తీరాల్సిన పందేలు) త్వరగా పెరుగుతున్నాయనో మా దగ్గర పెద్దగా పోట్లాటలు రాలేదు. వచ్చినవన్నీ కుర్చీల దగ్గరే.

మా ఆటలో డబ్బు లేదు. ఒక్కో టోర్నమెంట్‌కి పాయింట్లు ఉంటాయి, సంవత్సరం చివర పట్టికలో పైనున్నవాళ్ళకి ఒక కప్పు ఇస్తాం. డబ్బు లేనప్పుడు ఇంత పట్టింపు ఎందుకని బయటివాళ్ళు నవ్వుతారు. ఒక్క పాయింట్ తేడాతో కప్పు పోయినవాళ్ళని అడిగితే తెలుస్తుంది. ఆడేది నో లిమిట్ హోల్డెమ్, అంటే చేతిలో తలా రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు, పందేనికి హద్దు లేని పోకర్. మూడు టేబుళ్ళు, ఒక్కోదానికి ఎనిమిది కుర్చీలు, వచ్చేది ఇరవై మంది పైచిలుకు. ఇల్లు నాది కాబట్టి నిర్వహణ నామీద పడింది. నేనూ ఆడతాను. అసలు చిక్కంతా ఈ చివరి మాటలోనే ఉంది.

కుర్చీకి అంత విలువ ఎందుకో కొత్తవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఆట ఎడమ వైపుకి తిరుగుతుంది. మన కుడి పక్కనున్నవాళ్ళు మనకంటే ముందు తేల్చుకోవాలి, ఎడమ పక్కనున్నవాళ్ళు మనం చేసింది చూసి తేల్చుకుంటారు. చేతిలో ఏమున్నా లేకపోయినా రెయిజ్ కొట్టే (పందెం పెంచే) దూకుడు మనిషి మన కుడి పక్కన ఉంటే బతుకు హాయి, అతను కొట్టింది చూశాకే మనం చిప్స్ ముట్టుకుంటాం. అదే మనిషి ఎడమ పక్కన ఉంటే ప్రతి హ్యాండూ (ముక్కలు పంచిన ప్రతిసారీ జరిగే ఆట) టెన్షనే.

రెండోది, టేబుల్ మీద ఎంతమంది ఉన్నారన్నది. ఈ సంగతి చాలామందికి లెక్క వేసి చూపించేదాకా ఎక్కలేదు. స్మాల్ బ్లైండ్ 100, బిగ్ బ్లైండ్ 200 అనుకోండి. కట్టే వంతు హ్యాండ్‌కి ఒక కుర్చీ చొప్పున జరుగుతుంది కాబట్టి ఒక చుట్టు తిరిగితే ప్రతి మనిషికీ 300 చిప్స్ ఖర్చు. ఎనిమిది మంది టేబుల్ మీద 40 హ్యాండ్లు ఆడితే ఐదు చుట్లు, అంటే 1500. ఐదుగురే ఉన్న టేబుల్ మీద అవే 40 హ్యాండ్లకి ఎనిమిది చుట్లు, అంటే 2400. పైగా ఐదుగురున్న టేబుల్ మీద పంపకం త్వరగా అయిపోతుంది కాబట్టి అదే టైములో హ్యాండ్లు కూడా ఎక్కువే పడతాయి. పక్క గదిలో కూర్చున్నవాళ్ళకంటే మన స్టాక్ (మన దగ్గరున్న చిప్స్ మొత్తం) వేగంగా కరుగుతోందంటే మనం తప్పుగా ఆడినట్టు కాదు, తక్కువమంది ఉన్న టేబుల్‌కి పడ్డామంతే. తక్కువమందితో దూకుడుగా ఆడటం ఇష్టపడేవాళ్ళు ఉంటారు, నిజమే. కానీ అది వాళ్ళు కోరుకున్నందుకు కాకుండా పక్కవాళ్ళు ఔటైనందుకు వచ్చిపడితే ఒప్పుకోలేం.

ముందు డ్రా సంగతి. కుర్చీల కోసం ఒక పాత పేక దస్తా విడిగా పెట్టాను, ఆడే దస్తాల్లోంచి ముక్కలు తీస్తే తర్వాత వెతుక్కోవాలి కాబట్టి. ఒకటో టేబుల్‌కి ఇస్పేటు, రెండోదానికి ఆటీను, మూడోదానికి కళావరు. ఆసు అంటే ఒకటో కుర్చీ, అక్కణ్ణుంచి ఎనిమిది వరకు. ప్రతి కుర్చీ ముందు టేబుల్ అంచున నంబరు అంటించేశాను. ఇది అనవసరం అనిపిస్తుంది గానీ, ఇంట్లో విడిగా డీలర్ ఉండడు కాబట్టి ఒకటో కుర్చీ ఏదన్న దగ్గరే సగం వాదనలు పుడతాయి. 22 మంది వస్తే ఇస్పేటులో ఎనిమిది, ఆటీనులో ఏడు, కళావరులో ఏడు ముక్కలు కలిపి బోర్లా పరుస్తాం. ఎవరి ముక్క వాళ్ళే తీసుకోవాలి. నేను చివర్న తీసుకుంటాను, నాకు మిగిలేది మిగిలిందే. బటన్ (పంచే వంతు ఎవరిదో చూపే గుర్తు; దానికి ఎడమ పక్కన వరసగా స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్ కట్టేవాళ్ళు) ఎవరిదన్నది ప్రతి టేబుల్ మీద తలా ఒక ముక్క తిప్పి పెద్దదానికి ఇస్తాం. సమానం వస్తే ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు వరస.

మధ్యలో కొన్నాళ్ళు ఫోన్‌లో యాప్ వాడి చూశాను. పేర్లు కొడితే క్షణంలో అందరికీ కుర్చీలు చూపించేది, మనుషుల్ని ఎప్పుడు జరపాలో కూడా చెప్పేది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. అయినా మానేసి పేక ముక్కల దగ్గరికే వచ్చాను. ఫోన్ పట్టుకున్నది నేను. నా కుర్చీ బాగుందని ఎవరికైనా అనిపించిన రోజు "ఇంకోసారి నొక్కావా ఏంటి?" అన్న చూపు తప్పదు. నవ్వుతూనే అంటారు, కానీ అంటారు. తన చేత్తో తీసుకున్న ముక్కని మాత్రం ఎవరూ అనుమానించరు. డ్రా నిజంగా నిష్పక్షపాతంగా ఉంటే చాలదు, అలా ఉందని అక్కడున్న అందరికీ కనబడాలి. కళ్ళముందు కలిపిన ముక్కలకి ఉన్న నమ్మకం యాప్‌కి రాలేదు. బ్లైండ్స్ ఎప్పుడు పెంచాలో చెప్పే గడియారం కోసం మాత్రం ఇప్పటికీ ఆ యాపే వాడుతున్నాం.

డ్రా అయ్యాక మార్పులు లేవన్నది అన్నిటికన్నా కష్టమైన రూల్. ఒక రోజు బాగా ఆడేవాళ్ళందరూ రెండో టేబుల్ మీదే పడ్డారు. మూడో టేబుల్‌లో దాదాపు అందరూ కొత్తవాళ్ళు. "ఇదేం న్యాయం? గట్టివాళ్ళని మూడు టేబుళ్ళకీ పంచు" అన్నారు. ఆలోచించదగ్గ మాటే, క్రీడల పోటీల్లో సీడింగ్ అలాంటిదే కదా. కానీ గట్టివాళ్ళెవరో తేల్చేదెవరు? పట్టిక చూసి తేలుద్దామంటే ఈమధ్యే చేరిన మంచి ఆటగాళ్ళు కింద ఉంటారు. నేనే తేల్చాలంటే నాకు నచ్చని మనిషిని నా టేబుల్ నుంచి దూరంగా పెట్టే దారి నాకే దొరుకుతుంది. వద్దన్నాను. ఎలాగూ మనుషులు ఔటవుతున్నకొద్దీ టేబుళ్ళు కలుస్తాయి, ఆ గట్టి టేబుల్ రాత్రంతా అలాగే ఉండిపోదు.

భార్యాభర్తలు పక్కపక్కన పడినప్పుడు ఇంకో రకం గొడవ. ఒకరినొకరు కాపాడుకుంటారేమోనని మిగతావాళ్ళ గుసగుసలు. వాళ్ళిద్దరికీ అయితే విడిగా కూర్చోవడమే ఇష్టం, ఇంట్లో ఎలాగూ పక్కపక్కనే కదా అని వాళ్ళ జోకు. అయినా మార్చలేదు. ఒకళ్ళ కోసం ముక్క మార్చిన రోజు మిగతా అందరి ముక్కలకీ విలువ పోతుంది. కుమ్మక్కయి ఆడటం, కావాలని మెత్తగా ఆడటం ఎవరి మధ్య జరిగినా తప్పే, దానికి రూల్ విడిగా ఉంది. కుర్చీలు దూరం జరిపినంత మాత్రాన అది ఆగదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు తెలిసినవాళ్ళ పక్కన కూర్చుంటామంటే వాళ్ళకీ ఇదే జవాబు. రూల్ ఏదైనా తెలియకపోతే టేబుల్ మీద ఎవరినైనా అడగొచ్చు, చేతిలో ఉన్న ముక్కల గురించి మాత్రం ఎవరినీ అడగకూడదు.

ఆలస్యంగా వచ్చేవాళ్ళ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. వాళ్ళ ముక్క ముందే తీసి పక్కన పెట్టం. వచ్చినవాళ్ళతోనే డ్రా వేసి మొదలుపెడతాం. తర్వాత వచ్చినవాళ్ళు మనుషులు తక్కువున్న టేబుళ్ళ ఖాళీ కుర్చీల ముక్కల్లోంచి ఒకటి తీసుకుంటారు. రెండో లెవెల్ (బ్లైండ్స్ మారకుండా ఉండే గడువు) అయిపోయాక తలుపు మూసినట్టే.

ఇక అసలు గొడవ, ఆట మధ్యలో మనుషుల్ని ఒక టేబుల్ నుంచి ఇంకోదానికి జరపడం.

మా దగ్గర తేడా ఇద్దరు రాగానే జరుపుతాం. ఒక దగ్గర ఏడుగురు, ఇంకో దగ్గర ఐదుగురు ఉంటే ఏడుగురిలో ఒకరు వెళ్ళాలి. ఎవరు? మొదట్లో "ఎవరైనా ఒకళ్ళు ఆ టేబుల్‌కి వెళ్ళండి" అనేవాళ్ళం. చూడటానికి మర్యాదగా ఉంటుంది. కొన్ని ఆటలయ్యాక ఎవరు లేస్తున్నారో గమనిస్తే తమాషా బయటపడింది. బిగ్ బ్లైండ్ కట్టే వంతు దగ్గర పడ్డవాళ్ళే ఉత్సాహంగా లేస్తున్నారు. లేచి అవతలి టేబుల్ మీద బటన్‌కి దగ్గర్లో ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుంటే బ్లైండ్స్ చుట్టు మొత్తం ఎగ్గొట్టినట్టే. ఇప్పుడే రెండు బ్లైండ్స్ కట్టి, ఇక కాసేపు ఖర్చు లేకుండా ముక్కలు చూడొచ్చనుకుంటున్నవాళ్ళు మాత్రం కుర్చీకి అతుక్కుపోతారు. పెద్ద స్టాక్ ఉన్నవాళ్ళదీ అదే దారి.

సరే, చీటీ వేద్దామన్నారు. ఏడుగురికీ తలా ఒక ముక్క, చిన్న ముక్క వచ్చినవాళ్ళు వెళ్ళాలి. డ్రాలో పనిచేసింది కదా, ఇక్కడెందుకు పనిచేయదన్నది వాళ్ళ వాదన. నాకు ఇది ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో చెప్పడానికి నాకు కొంత టైం పట్టింది గానీ, విషయం తేలికే. ఆట మొదలవకముందు ఎవరూ ఏమీ కట్టలేదు. అందరూ సమానం, కాబట్టి చీటీ న్యాయం. ఆట నడుస్తుండగా ఒక్కొక్కరూ ఒక్కో చోట ఉంటారు. ఒకళ్ళు ఇప్పుడే కట్టేశారు, ఒకళ్ళు కట్టబోతున్నారు, ఇంకొకళ్ళు మధ్యలో ఉన్నారు. అప్పుడు చీటీ వేస్తే ఇప్పుడే కట్టినవాళ్ళు అక్కడికెళ్ళి మళ్ళీ వెంటనే కట్టాల్సి రావచ్చు, కట్టబోయేవాళ్ళు తప్పించుకోనూ వచ్చు. చీటీకి పక్షపాతం లేదు నిజమే, కానీ ఎవరి బాకీ ఎంతో దానికి తెలియదు.

దీనికి జవాబు టోర్నమెంట్లు నడిపేవాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉంది. 2001లో ఏర్పడిన టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ (టీడీఏ) రూల్స్ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. హోల్డెమ్ లాంటి ఆటల్లో తర్వాతి హ్యాండ్‌లో బిగ్ బ్లైండ్ కట్టాల్సిన మనిషే జరగాలి, అవతలి టేబుల్ మీద అన్నిటికన్నా నష్టమైన చోటే కూర్చోవాలి అంటాయవి. అంటే ఖాళీ కుర్చీల్లో బిగ్ బ్లైండ్ ముందుగా వచ్చే కుర్చీ. స్మాల్ బ్లైండ్ చోటు మాత్రం ఇవ్వకూడదు. మొదటిసారి చదివితే ఇది శిక్షలాగా అనిపిస్తుంది. లేపింది చాలక నష్టమైన చోట కూర్చోబెట్టడమా? ఆలోచిస్తే అందులోనే న్యాయం ఉంది. ఆ మనిషి ఇక్కడున్నా తర్వాతి హ్యాండ్‌లో బిగ్ బ్లైండ్ కట్టాల్సిందే. అక్కడికెళ్ళినా దాదాపు అప్పుడే కడతారు. పోయిందేమీ లేదు, కలిసొచ్చిందేమీ లేదు.

చిన్న తేడా ఒకటి మిగులుతుంది. లేచి వెళ్ళిన మనిషికి ఎడమ పక్కనున్నవాళ్ళకి బిగ్ బ్లైండ్ ఒక హ్యాండ్ ముందుగా వచ్చేస్తుంది. మా గుంపులో లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు, ఆయనకి ఇది మింగుడుపడదు. అలా అని అంతకంటే మంచి దారి ఆయనా చూపించలేదు.

ఈ రూల్ పెట్టాక కూడా అలకలు ఆగలేదు, కాకపోతే రకం మారింది. మా బావ ఒకరోజు చిప్స్ సర్దుకుంటూ కోపంగా అడిగాడు.

"ఎప్పుడు చూసినా నన్నే ఎందుకు లేపుతావ్?"

"నేను లేపలేదు బావా, నీ బిగ్ బ్లైండ్ లేపింది."

"ఇక్కడ అందరూ ఎలా ఆడుతున్నారో ఇప్పుడిప్పుడే పట్టుకుంటున్నా. అక్కడికెళ్ళి ఆ రెయిజ్‌ల వాడి కుడి పక్కన కూర్చోవాలా?"

ఆ బాధ నిజమే. ఒక టేబుల్ మీద గంటసేపు కూర్చుని ఎవరు ఎప్పుడు బ్లఫ్ చేస్తారో పట్టుకున్నది మొత్తం లేవగానే పోతుంది. దానికి పరిహారం లేదు. నాతో సహా ఎవరూ ఎంచుకోలేదన్న ఒక్క మాట తప్ప నా దగ్గర అతనికి చెప్పడానికేమీ లేదు. అతను వెళ్ళాడు. మర్నాడు ఫోన్ చేసి ఆ రూల్ ఎక్కడుందో లింక్ పంపమన్నాడు, చదివి మళ్ళీ ఏమీ అనలేదు.

జరపమని చెప్పేది ఎవరన్నది ఇంకో ప్రశ్న. నేను ఆడుతూ, నా టేబుల్ నుంచి ఎవరిని పంపాలో నేనే చెప్పడం బాగుండదు. నా ఎడమ పక్కన దూకుడు మనిషి ఉన్నప్పుడు అతని వంతు వచ్చేదాకా ఆగి, అప్పుడే "టేబుళ్ళు సరిచేద్దాం" అనాలని ఎవరికైనా బుద్ధి పుట్టొచ్చు. అందుకని ఆ రాత్రి మొదట ఔటైనవాళ్ళకే ఆ పని అప్పగిస్తున్నాం. గడియారం, కుర్చీల ముక్కలు, జరపడం అన్నీ వాళ్ళ చేతిలోనే. ఆటలో లేరు కాబట్టి వాళ్ళకి లాభనష్టాలు లేవు. ఎవరో ఒకరు ఔటైతే తప్ప తేడా రాదు, కాబట్టి జరపాల్సిన అవసరం వచ్చేసరికి ఆ పని చేసే మనిషీ సిద్ధంగా ఉంటారు. తేడా ఇద్దరు రాగానే నడుస్తున్న హ్యాండ్ పూర్తికానిచ్చి వెంటనే జరపాలి, మంచి సమయం కోసం చూడకూడదు. టీడీఏ రూల్స్ అయితే, ఎక్కువమంది ఉన్న టేబుల్‌కంటే ముగ్గురు తక్కువైన టేబుల్ మీద ఆట ఆపేయమంటాయి. మా దగ్గర ఇద్దరికే జరుపుతాం కాబట్టి ఆపే అవసరం అరుదు. ఒకే నిమిషంలో ఇద్దరు ముగ్గురు పోతే మాత్రం ఆపుతాం.

మొదట ఔటైనవాళ్ళు మొహం మాడ్చుకుని ఇంటికెళ్ళిపోవడం కూడా దీనితో తగ్గింది. ఇది నేను ఊహించనిది.

కుర్చీ ముక్క ఆడుతున్నంతసేపు ఆ మనిషి చిప్స్ కిందే ఉంటుంది. ఔటైతే ముక్క ఖాళీల డబ్బాలో పడుతుంది. జరిగితే పాత ముక్క డబ్బాలో వేసి కొత్తది తీసుకుంటారు. మొదటి డ్రాలో వాడని ఆటీను ఎనిమిది, కళావరు ఎనిమిది మొదటినుంచీ అందులోనే ఉంటాయి. ఏ క్షణాన డబ్బా తెరిచినా ఖాళీ కుర్చీలు ఏవో, ఎన్నో లెక్క సరిపోవాలి. చిప్స్ మోసుకెళ్ళేటప్పుడు ట్రేలో అందరికీ కనబడేలా తీసుకెళ్ళాలి, జేబులో వేసుకోకూడదు. పెద్ద చిప్స్ వెనక దాచిపెట్టకుండా ముందు వరసలో పేర్చాలి. కొత్త టేబుల్‌వాళ్ళకి వచ్చిన మనిషి దగ్గర ఎంతుందో తెలియాలి కదా.

టేబుల్ ఎత్తేయడం ఇంతకంటే సుఖం. ఏ టేబుల్ ముందు లేస్తుందో ఆట మొదలవకముందే చెప్పేస్తాం. మాకు ఎప్పుడూ మూడోదే, అది చిన్న గదిలో ఉంది, లైటు కూడా అంతంతమాత్రం. పదహారు మంది మిగలగానే ఎత్తేస్తాం. అప్పటికి టేబుళ్ళ మీద ఆరుగురు, ఐదుగురు, ఐదుగురు ఉన్నారనుకోండి. ఖాళీల డబ్బాలో ఇస్పేటువి రెండు, ఆటీనువి మూడు ముక్కలు ఉంటాయి. అవి కలిపి బోర్లా పెడితే ఆ ఐదుగురూ తలా ఒకటి తీసుకుంటారు. ఇక్కడ చీటీయే వాడతాం. ఐదుగురికీ ఒకేసారి బిగ్ బ్లైండ్ లెక్క సరిపోయేలా చోటు చూపించడం అయ్యే పని కాదు. అందుకని ఏ కుర్చీ వస్తే అది, బిగ్ బ్లైండ్ అయినా, బటన్ అయినా. బటన్‌కీ స్మాల్ బ్లైండ్‌కీ మధ్యలో పడినవాళ్ళు మాత్రం బటన్ తమని దాటేదాకా ఆగాలి. ఇప్పుడే బ్లైండ్ కట్టిన మనిషి అక్కడ మళ్ళీ బిగ్ బ్లైండ్‌లో పడితే? పడ్డట్టే. ఏ టేబుల్ లేస్తుందో ముందే తెలుసు కాబట్టి, మూడో టేబుల్‌లో ముక్క వచ్చిన మనిషికి ఇలా జరగొచ్చని మొదటి నిమిషం నుంచే తెలుసు.

పాయింట్లు వచ్చే స్థానాల అంచుకి వచ్చినప్పుడు ఒక టేబుల్ కావాలని నెమ్మదిగా ఆడుతుంది. అవతలి టేబుల్ మీద ఎవరైనా ముందు పోతే బాగుండని. అప్పుడు రెండు టేబుళ్ళకీ హ్యాండ్ ఒకేసారి పంచుతాం, ముందు పూర్తయినవాళ్ళు రెండోవాళ్ళ కోసం ఆగాలి. ఒకే హ్యాండ్‌లో రెండు చోట్లా ఒక్కొక్కరు ఔటైతే ఆ రెండు స్థానాల పాయింట్లు కలిపి చెరిసగం. ఒకే టేబుల్ మీద ఇద్దరు పోతే, హ్యాండ్ మొదట్లో ఎవరి దగ్గర ఎక్కువ చిప్స్ ఉన్నాయో వాళ్ళది పై స్థానం.

చివరి టేబుల్‌కి మళ్ళీ మొదటినుంచీ డ్రా, బటన్‌కీ మళ్ళీ ముక్క తిప్పుతాం. రెండు టేబుళ్ళు ఒకటయ్యే చోట సగంమందిని కదిలించి సగంమందిని పాత కుర్చీల్లోనే ఉంచితే, ఉన్నవాళ్ళకి తమ పక్కవాళ్ళ ఆట తెలుసు, వచ్చినవాళ్ళకి తెలియదు. అందరూ లేవడమే మేలు. ఇద్దరే మిగిలాక ఇక కుర్చీ గొడవ ఉండదు గానీ బటన్ గొడవ ఉంటుంది. ఇద్దరి ఆటలో బటన్ ఉన్నవాళ్ళే స్మాల్ బ్లైండ్ కడతారు, ఫ్లాప్‌కి (టేబుల్ మీద మొదటి మూడు ముక్కలు తెరవడానికి) ముందు వాళ్ళే మొదట ఆడతారు, తర్వాత చివర్న. ముగ్గురి నుంచి ఇద్దరికి మారేటప్పుడు ఎవరికీ వరసగా రెండుసార్లు బిగ్ బ్లైండ్ పడకుండా అవసరమైతే బటన్ సర్దుతాం.

ఆ చివరి టేబుల్ తొమ్మిది మంది దగ్గర వేయాలా, ఎనిమిది దగ్గర వేయాలా అన్నది మాత్రం మాలో ఇంకా తేలలేదు. ఉన్నది ఎనిమిది కుర్చీల టేబుల్. తొమ్మిది మందికి వేస్తే మోచేతులు తగులుతాయి, పక్కవాళ్ళ ముక్కలు కనబడే ప్రమాదమూ ఉంది. ఎనిమిది దాకా ఆగితే అంతవరకు ఒక దగ్గర ఐదుగురు, ఇంకో దగ్గర నలుగురు ఆడాలి, పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ నలుగురి స్టాక్ కరిగిపోతుంది. నేను తొమ్మిది వైపు. లెక్కల మాస్టారు ఎనిమిది అంటారు. ప్రస్తుతానికి తొమ్మిదో మనిషి కోసం మూల దగ్గర వీపు లేని స్టూల్ ఒకటి వేస్తున్నాం, దానికి డైమను ఆసు కేటాయించాం.